లోపలి కుట్టు

మనుష్యుడు చేయు పనిలో కొంత కంటికి కనబడును, కొంత కనబడదు. కనబడు పనికి మెప్పు గలదు, ధర గలదు, తప్పు చేసినచో నింద గలదు. కనబడని పనికి మెప్పును లేదు, ధరయును లేదు. అట్టి పనిని శ్రద్ధతో చేయవలెనా, చేసినచో ఎవరి కొరకు చేయవలెను, దాని వెలను ఎవరు చెల్లింపవలెను అను ప్రశ్నలు ఈ వ్యాసమునకు విషయము. ఇవి పండితులు తేల్చవలసిన ప్రశ్నలనియు, ముప్పదియెనిమిదేండ్లు జమాఖర్చుల పుస్తకములు వ్రాసి విశ్రాంతి పొందిన ఒక గుమాస్తాకు వీనితో పనిలేదనియు కొందరనవచ్చును. మాకీ ప్రశ్నలు గ్రంథముల మూలమున తటస్థింపలేదు. మా చిన్నమ్మాయి తన పెండ్లి రవికను తానే కుట్టుకొనుట వలన తటస్థించినవి. కావున మేము చూచినదానిని చూచినట్లు చెప్పి, పిమ్మట మాకు తోచిన విచారమును పాఠకుల యెదుట నుంచెదము.

మేము షోలాపురము వారము. మా తాతగారు తెలంగాణము నుండి మగ్గము పనికై ఇచ్చటికి వచ్చి, పట్టణమునకు తూర్పున నున్న పేటలలో స్థిరపడిరి. మా తండ్రిగారు చేతిమగ్గముపై చీరలు నేసిరి. విద్యుత్తు మగ్గములు వచ్చి, వీధులన్నియు దుప్పట్ల చప్పుడుతో నిండిన పిమ్మట ఆయన మగ్గము మూలబడెను. మేము మెట్రిక్యులేషను ముగించి గుమాస్తా పనిలో చేరితిమి. 1984లో మా తండ్రిగారు దింపిన కడపటి పడుగులో ఒకటింబావు మీటరు బట్ట మిగిలినది. పసుపుపచ్చని నూలు బట్ట, ఎర్రని పట్టు అంచు. మా సహధర్మచారిణి దానిని ఇనుపపెట్టెలో కలరా ఉండల నడుమ భద్రపరచి, ఏటేట శ్రావణ పౌర్ణమినాడు, మార్కండేయుని రథము వీధిన పోవు దినమున, బయటికి తీసి నీడన ఆరవైచి మరల లోపల నుంచుచుండెను. ఆ బట్టకు ఉపయోగమేమని మేమెన్నడును అడుగలేదు.

మా చిన్నమ్మాయి పూనాలో ఉద్యోగము చేయుచున్నది. పెండ్లి నిశ్చయమైన వారమునకు ఇంటికి వచ్చి, "నాన్నా, తాతయ్య నేసిన బట్టతో నా పెండ్లి రవిక నేనే కుట్టుకుంటాను. అందుకు ఒక తరగతిలో చేరాను" అని చెప్పెను. పండ్రెండు ఆదివారములు తరగతి. రుసుము పదునెనిమిది వేల రూపాయలు. మేము లెక్కలవారము గనుక వెంటనే లెక్కవేసితిమి. మా వీధి చివర నున్న కుట్టుపని ఆమె అస్తరుతో కూడిన రవికను ఆరువందల రూపాయలకు కుట్టి ఇచ్చును. ఒక రవిక కొరకు ముప్పది రవికల సొమ్ము వ్యయపరచుట ఏమి వివేకమని అడిగితిమి. దానికామె, "అది రవిక ధర నాన్నా, ఇది చదువు ధర" అని బదులు చెప్పెను. మేము ఊరకుంటిమి, ఒప్పుకొంటిమని మాత్రము కాదు.

ఆమె చేరినది సామాన్యమైన కుట్టు బడి కాదు. పారిసు నగరమునందలి గొప్ప వస్త్రాలయములలో వాడు చేతికుట్టు పద్ధతులను నేర్పు తరగతి. ఆ పనికి ఫ్రెంచి భాషలో 'కుత్యూర్' అని పేరు. ఆ మాటకు కుట్టు అనియే అర్థము. మన కుట్టునకును వారి కుత్యూరునకును గల పోలిక చెవికి మాత్రమే సంబంధించినది. వారి మాట లాటిను నుండి పుట్టినది; మన మాట మన భాషలోనిదే. అయినను షోలాపురపు నేతగాని మనుమరాలు ఆ మాటను ఇంటికి తెచ్చినప్పుడు మేమందరము నవ్వుకొంటిమి.

ఈ పద్ధతికి చరిత్ర గలదు. 1858లో చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అను ఆంగ్లేయుడు పారిసులో ఒక వస్త్రాలయమును నెలకొల్పెను. అంతకుముందు సంపన్న స్త్రీలు తాము కోరిన రీతిని చెప్పి కుట్టించుకొనుచుండిరి. వర్త్ ఉడుపుల రూపమును తానే నిర్ణయించి, వాని లోపల తన పేరు గల పట్టీని కుట్టించుట మొదలిడెను. 1868లో ఆ వృత్తివారికొక సంఘ మేర్పడెను. 1945 నుండి 'ఓట్ కుత్యూర్', అనగా ఉన్నతమైన కుట్టు, అను పేరునకు ఫ్రాన్సు దేశమున చట్టరక్షణ కలదు. నియమములను నెరవేర్చిన వస్త్రాలయములు తప్ప ఇతరులు ఆ పేరు వాడుకొనరాదు. అచ్చట సూది పట్టి పనిచేయువారిని 'చిన్నచేతులు' అను అర్థమిచ్చు మాటతో పిలుచుచుందురు. ఉడుపు లోపల యజమాని పేరుండును. ఆ పేరును అందు కుట్టిన చిన్నచేతి పేరుండదు. ఈ సంగతి మా మనస్సున నాటుకొన్నది. కారణము ముందు చెప్పెదము.

ఒక ఆదివారమున మేమును పూనాకు పోయి, ఉపాధ్యాయిని అనుమతితో ఉదయము నుండి సాయంకాలము వరకు ఆ తరగతిలో ఒక మూల కూర్చుంటిమి. పదునొకండుగురు విద్యార్థినులు. అందరును తమ పెండ్లికో, తోబుట్టువుల పెండ్లికో దుస్తులు కుట్టువారే. ఒక క్రైస్తవ యువతి తెల్లని గౌను కుట్టుచుండెను. ఒక మరాఠీ యువతి లెహంగా కుట్టుచుండెను. కుట్టుయంత్రములు రెండే యుండెను. వాని చప్పుడు ఎప్పుడోగాని వినబడలేదు. ఆ గదిలో వినబడినది కత్తెరల చప్పుడును, మెల్లని మాటలును మాత్రమే.

మొదటి మూడు ఆదివారములును అసలు బట్టను పెట్టె నుండి తీయనేలేదని మా అమ్మాయి చెప్పెను. ముందు కోరా గుడ్డతో రవికను కుట్టవలెను. దానిని తొడిగి, భుజమున బిగువెచ్చట, చంకక్రింద ముడుత ఎచ్చట అని చూచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, విప్పి, దిద్ది, మరల కుట్టవలెను. ఆమె మూడు కోరా రవికలు కుట్టి మూడింటిని విప్పెను. మాకిది వెంటనే అర్థమైనది. కార్యాలయములో మేము చిత్తు ప్రతి వ్రాయుదుము, అధికారి దిద్దును, పిమ్మట సాఫు ప్రతి వ్రాయుదుము. చిత్తు ప్రతి చెత్తబుట్టలోనికి పోవును. చిత్తు లేని సాఫు ఉండదు. అయినను దస్త్రములో సాఫు మాత్రమే నిలుచును.

తరువాత ఆ కోరా ముక్కలను అసలు బట్టపై నుంచి, సుద్దతో గాక దారముతో గుర్తులు పెట్టవలెను. సుద్దగీత ఒకవైపే కనబడును, చేయి తగిలినచో చెరిగిపోవును. దారపు గీత రెండువైపులను కనబడును. పిమ్మట కచ్చాకుట్టు. ముక్కలన్నిటిని వదులైన కుట్టుతో కలిపి, తొడిగి చూచి, సరిపోయినదని నిశ్చయించిన పిదప అసలు కుట్టు వేసి, కచ్చాకుట్టును, గుర్తుల దారములను ఒక్కొక్కటిగా లాగివేయవలెను. మా అమ్మాయి ఆ లాగివేసిన దారములను పారవేయక ఒక చిన్న సంచిలో దాచెను.

ఇంకను మిగిలినది లోపలిపని. అంగడిలో అమ్ము దుస్తుల లోపలి అంచులను ఓవర్‌లాకు యంత్రము క్షణములో చుట్టివేయును. ఇచ్చట ప్రతి అంచును చేతితో, పోగులు విడిపోకుండ, సన్నని దారముతో చుట్టవలెను. అస్తరును పైబట్టకు అంటీ అంటనట్లు, వెలుపల సూదిమొన జాడ కనబడకుండ కుట్టవలెను. మడతలో అంగుళము వెడల్పు బట్ట వదలవలెను. వయస్సుతో మనిషి మారినప్పుడు విప్పి వదులు చేసికొనుటకు అది పనికివచ్చును. ఉపాధ్యాయిని మాకొక ముచ్చట చెప్పెను. ఫ్రాన్సు దేశమున పేరుపడిన షనేల్ వారి కోటులలో, క్రింది అంచు లోపల, సన్నని గొలుసును కుట్టుదురట. కోటు తిన్నగా వ్రేలాడుటకు ఆ గొలుసు బరువు కావలెను. చూచువారికి కోటు తిన్నగా నున్నదని తెలియును. గొలుసు మాత్రము కనబడదు.

దీపావళి సెలవులలో మా అమ్మాయి ఇంటికి వచ్చి, నట్టింట చాప పరచి, తాతగారి బట్టను దానిపై పరచెను. మా సహధర్మచారిణి కొంతసేపు ఆ బట్టను అరచేతితో నిమిరి, లోపలి గదిలోనికి పోయెను. కత్తెర బట్టలో దిగినప్పుడు వచ్చిన చప్పుడును మేమిరువురమును వేరువేరు గదులనుండి వింటిమి. అంచు ఒక్క నూలువాసి తప్పలేదు. కోరా గుడ్డతో మూడుమార్లు కుట్టి మూడుమార్లు విప్పిన ఫలమేమో అప్పుడు తెలిసినది. నేతగాడు లేడు, ఆ పడుగు లేదు. తప్పు కోసినచో ఆ బట్టకు బదులు బట్ట ఈ లోకమున లేదు.

మేము అలవాటు చొప్పున ఒక పుస్తకములో ఆమె పనిగంటలను వ్రాసికొంటిమి. పూనాలో చేసినదానిని ఆమె ఫోనులో చెప్పుచుండెను; ఇంట చేసినదానిని మేమే చూచితిమి. రవిక ముగియునప్పటికి మొత్తము 62 గంటలైనది. అందులో పైకి కనబడు కుట్టునకు పట్టినది 9 గంటలు. మిగిలిన 53 గంటలును చిత్తునకు, గుర్తులకు, కచ్చాకుట్టునకు, లోపలి అంచులకు, అస్తరునకు పోయినవి. కూడిక సరిచూచి క్రింద గీత గీచిన తోడనే, ముప్పదియేండ్లకు పైగా మేము తలచుకొనక దాటవైచిన ఒక సంగతి మాకు జ్ఞప్తికి వచ్చినది.

అది 1991. మేము పనిచేయు కార్యాలయములో నౌకర్లకు ఇచ్చు యూనిఫారాల లెక్కలు మా చేతిలో నుండెను. టెండర్లను వరుసగా వ్రాసి, అన్నిటికంటె తక్కువ రేటు ఏదో దాని క్రింద ఎర్రసిరాతో గీచినది మేమే. కంట్రాక్టరు ఆ పనిని పేటలలోని స్త్రీలకు పంచెను. ఒకనాడు అతనికి మారుగా ఒక స్త్రీ నూటయిరువది చొక్కాలను మూటకట్టి తెచ్చెను. షరతుల పత్రములో "లోపలి అంచులు చుట్టి కుట్టవలెను" అని యుండెను. మేము చొక్కాలను తిరుగవేసి చూచితిమి. పదునెనిమిదింటిలో అంచులు చుట్టియుండలేదు. వానిని త్రోసివేసి, బిల్లులో అంతమేరకు కోత వ్రాసితిమి. ఆమె మా తెలుగు స్త్రీయే. మూట మరల కట్టుచు, కోపము లేకుండగనే, "సారూ, లోపలి కుట్టు గుడ మీ రేట్లనే ఉన్నదా?" అని అడిగెను. గుమాస్తాను గుమ్మమున నిలిచి ప్రశ్నించుట మాకు అవమానముగా తోచెను. షరతుల పత్రమును చూపితిమి. ఆమె చదువలేదు, తల ఊపి వెళ్లిపోయెను. ఆ కోత ఎవరి కూలిలో పడెనో మాకు తెలియును, అప్పుడును తెలియును.

షరతు ప్రకారము మేము చేసినది సరియే. లెక్కలోను తప్పులేదు. అయినను చొక్కా ఒకటికి నాలుగు రూపాయల రేటును ఖాయము చేసిన చేతియే, ఆ రేటులో పట్టని పనిని అడిగినది. ఇదియే మా తప్పు. మా బిడ్డ కూర్చుండి ఒక్క రవిక లోపలి అంచులను రెండు రాత్రులు చుట్టువరకు ఆ తప్పు మాకు కనబడలేదు.

ఇప్పుడు విచారమునకు వత్తము. కనబడని పనిని గూర్చి లోకమున రెండభిప్రాయములు గలవు. మొదటిది వ్యవహారజ్ఞుల అభిప్రాయము. కనబడని చోట శ్రమపడుట వ్యర్థము. కొనువాడు చూడనిదానికి కొనువాడు ధర ఇయ్యడు. కావున పైకి చక్కగా నున్న చాలును అందురు. ఇది విని మన పెద్దలు "పైన పటారం, లోన లొటారం" అను సామెత చెప్పుదురు. సామెతలో ఎగతాళి యున్నది గాని సమాధానము లేదు. లోపలి అంచు చుట్టని చొక్కా పది ఉతుకులకు విడిపోవును. ఆ నష్టము తొడిగినవానిది. కనుక కనబడనిది లేనిది కాదు. అది ఆలస్యముగా కనబడును, అంతియే. ఈ అభిప్రాయమును ఖండించుట సులభము.

రెండవది భక్తుల అభిప్రాయము. ఎవరు చూడకున్నను దైవము చూచుచున్నాడు. పని చేయుటయే మన వంతు, ఫలము మన వంతు కాదు అందురు. మా కులమున భావనాఋషి తామరతూడుల నారతో దేవతలకు మొదట వస్త్రము నేసెనని పురాణకథ చెప్పుకొందురు. మా తండ్రిగారు ఆ కథను నమ్మి, మగ్గముపై కూర్చుండుటకు ముందు నమస్కరించి, పడుగులో తెగిన ప్రతి పోగును అతికిరి. ఈ భావము గొప్పది. దీనిని మేము తక్కువ చేయము. కాని ఒక్కమాట చెప్పవలసి యున్నది. ఫలాపేక్ష లేక పనిచేయుమను మాట పనిచేయువాడు తనకు తాను చెప్పుకొన్నచో ధర్మము. పని చేయించువాడు దానిని పనివానికి చెప్పినచో అది ధర్మము కాదు, ఆదాయము. ఫలమును తాను తీసికొని, ఫలము కోరకుమని ఎదుటివానికి బోధించుట ఎంత సులభమో మాకు అనుభవమున తెలియును. 1991లో మేము చేసినది ఇంచుమించు అదియే.

సూదిని నమ్ముకొన్నవారి కష్టము క్రొత్తది కాదు. 1830లో ఫ్రాన్సు దేశమున తిమోనియే అనునతడు కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొంది, పారిసులో సైనికుల యూనిఫారాలు కుట్టు కర్మాగారమున ఆ యంత్రములను నెలకొల్పగా, 1831లో దర్జీలు గుంపుగా వచ్చి, తమ నోటికూడు పోవునను భయముతో వానిని పగులగొట్టిరి. 1843లో థామస్ హుడ్ అను ఆంగ్లకవి చొక్కాలు కుట్టు పేదస్త్రీ మీద వ్రాసిన పాట లండను నగరమును కదిలించెను. ఆ కాలమున యంత్రము పనివారికి శత్రువని తోచెను. నేడు మా పట్టణమున యూనిఫారాలు కుట్టు స్త్రీల యెదుట యంత్రమున్నది, విద్యుత్తున్నది. లెక్క మాత్రము ఇప్పటికిని ముక్కకింత అనియే.

పెండ్లి దుస్తుల చరిత్రలోనే మరి రెండు సంగతులు గలవు. 1947 నవంబరు 20వ తేదీన ఇంగ్లండు రాజకుమారి ఎలిజబెత్ వివాహము జరిగెను. నార్మన్ హార్ట్‌నెల్ అను వస్త్రకారుడు ఆమె గౌనును రూపొందించెను. పదివేల చిన్నముత్యములు, మూడువందల యేబదిమంది స్త్రీలు ఏడు వారములు పనిచేసిరి. యుద్ధము ముగిసి రెండేండ్లైనను అచ్చట బట్టలకు రేషను ఉండెను. సామాన్య స్త్రీలు ఎందరో తమ కూపన్లను రాజకుమారికి పంపగా, ఒకరి కూపను మరొకరు వాడుట చట్టవిరుద్ధమని వానిని త్రిప్పి పంపిరి. ఆ పెండ్లికే గాంధీమహాత్ముడు తాను వడికిన నూలుతో అల్లించిన బట్టముక్కను కానుకగా పంపెను. అంతకు ఐదేండ్లు ముందు, 1942 మార్చిలో, అలహాబాదున ఇందిరాగాంధీ తన పెండ్లికి కట్టుకొన్న లేత గులాబిరంగు ఖద్దరు చీర, ఆమె తండ్రి జవాహర్‌లాల్ నెహ్రూ చెరసాలలో వడికిన నూలుతో నేసినది.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, చేతితో తానే చేసినది పవిత్రము, కూలికి చేయించినది అపవిత్రము అని తీర్పు చెప్పుట తేలిక. మేమట్లు చెప్పజాలము. నెహ్రూ వడికిన నూలును నేసిన నేతగాని పేరు ఎందరికి తెలియును? మూడువందల యేబదిమంది స్త్రీల పనియును పనియే. వారి కన్నులును అలసినవే. తన వస్తువును తాను చేసికొనుట అందరికి సాధ్యము కాదు. మా అమ్మాయికి జీతముండెను, ఆదివారముండెను, పదునెనిమిది వేల రూపాయలుండెను. కావున లోపలి అంచును ప్రేమతో చుట్టెను. ఆ నూటయిరువది చొక్కాల స్త్రీకి ఇవేవియు లేవు. వారిరువురి లోపలి కుట్టులోని భేదమునకు గుణమే కారణమని మేము ఒకప్పుడు నమ్మితిమి. ఇప్పుడు రేటును కారణమని తెలిసినది.

దీనిని పరీక్షించుటకు మేము ముగిసిన రవికను మా వీధి చివరి కుట్టుపని ఆమెకు చూపితిమి. ఆమె దాని ముందువైపు చూడలేదు. చేతికి తీసికొన్న తోడనే తిరుగవేసి, లోపలివైపును దీపము దగ్గరకు పట్టి, అంచు వెంబడి గోరు నడిపెను. "బిడ్డ మంచిగ కుట్టింది సారూ" అనెను. నీవు ఇట్లు కుట్టగలవా యని అడిగితిమి. "ఎందుకు రాదు? మా అమ్మ నేర్పింది. పెండ్లిపిల్ల రవికకు ఇట్లనే చెయ్యాలని మనసుల ఉంటది. రెండు దినాలు పడుతది. రెండు దినాల పైసలు ఎవరిస్తరు?" అనెను. అప్పుడు మేము ముప్పదియేండ్లు ఆలస్యముగా ఒక జవాబును వింటిమి. ఆమెకు చేతకాక కాదు, మేము కొనక.

కావున మా అభిప్రాయ మిది. కనబడని పనిని శ్రద్ధతో చేయుట పనిచేయువాని ధర్మము. ఆ శ్రద్ధకు వీలుకలుగునంత వెల నిచ్చుట చేయించువాని ధర్మము. ఈ రెంటిలో మొదటిదానిని గూర్చి మనము బిడ్డలకు చెప్పుచునే యుందుము. రెండవదానిని గూర్చి చెప్పుట అరుదు, ఏలయన అది వినవలసినవారము మనమే. బేరమాడుట తప్పని మేమనము. ఇల్లు గడుపువారికి బేరము తప్పదు. కాని బేరమాడుటకు ముందు ఆ పనిని ఒక్కమారైనను మన చేతితో చేసి చూచుట మంచిది. మా అమ్మాయి చెల్లించిన రుసుమునకు మాకు దొరికిన చదువు ఇదియే. ఆమె చెప్పినట్లు అది చదువు ధరయే. చదువుకొన్నది మాత్రము తండ్రి కూడ.

ఈ సంచికను చదువు కుటుంబములకు ఇంకొక మాట. మనము తరతరములుగా మరాఠీ, కన్నడము, తమిళము, ఒడియా మాటలాడు నేలలపై స్థిరపడినవారము. వెలుపల ఆయా భాషలలో చదివి, ఆయా భాషలలో ఉద్యోగములు చేసి, ఆ నేలకు కృతజ్ఞులమై బ్రతుకుచున్నాము. తెలుగు మన ఇండ్లలో అస్తరు వలె లోపల నున్నది. వీధినుండి చూచువానికి అది కనబడదు. కనబడవలసిన అవసరమును లేదు. కాని ఒంటికి తగులునది అస్తరే. పిల్లవానికి జ్వరము వచ్చినప్పుడు తల్లి ఏ భాషలో ఓదార్చునో ఆ భాష బిడ్డకు దొరకుట కూడ కనబడని పనియే. దానికి బహుమానములు లేవు. ఎవరో ఒకరు సాయంకాలమున కూర్చుండి అ ఆలు దిద్దించిన ఇంటిలో అది నిలుచును. దిద్దించువారు లేని ఇంటిలో రెండు తరములలో పోగులు విడిపోవును.

మాఘమాసమున పెండ్లి జరిగినది. మన పెండ్లిలో ముఖ్యమైన వస్త్రములగు మధుపర్కములకు సూది తగలదు. మగ్గము నుండి దిగినట్లే వానిని కట్టుకొందురు. వాని నడుమ కుట్టినది ఆ రవిక ఒక్కటియే. అదియును పైటచాటున నుండెను; మెడలోని పూలదండలు మిగిలినదానిని కప్పివైచెను. వచ్చిన బంధువులలో ఒక్కరును దానిని గూర్చి మాటలాడలేదు. మా అమ్మాయికి చిన్నబోయినదేమోయని మేము మెల్లగా అడుగగా, "ఎక్కడా గుచ్చుకోలేదు నాన్నా, పొద్దుటినుంచి వేసుకున్నట్టే లేదు" అని చెప్పి నవ్వెను. లోపలి కుట్టు బాగున్నదనుటకు అంతకంటె వేరు గుర్తు లేదని ఉపాధ్యాయిని తరగతిలో చెప్పియుండెనట.

ఆ పెండ్లికి మా ఇంటివారి తక్కిన రవికలు ఏడింటిని మా వీధి చివరి ఆమెయే కుట్టెను. ఈమారు ధర మేము చెప్పలేదు. రెండు దినముల పనికి ఎంత కావలెనో ఆమెనే చెప్పుమంటిమి. ఆమె చాలసేపు తటపటాయించి ఒక అంకె చెప్పెను. తన పనికి తాను ధర చెప్పుట ఆమెకు అలవాటులేదని మాకు తోచెను. అదే చెల్లించితిమి.

1991 నాటి ఆ స్త్రీని మేము వెదకితిమి. ఆ పేట ఇప్పుడు రూపు మారినది. ఆమె పేరును మేము అప్పుడు అడుగలేదు, బిల్లులో కంట్రాక్టరు పేరే యుండెను. కావున ఆమెకు చెల్లింపవలసినది చెల్లింపకయే మిగిలిపోయినది. దీనిని మా పుస్తకములో ఏ పద్దు క్రింద వ్రాయవలెనో మాకు తోచుట లేదు. ఈ వ్యాసమును చదివినవారిలో చేతిపని చేయించువారు ఎవరైన నున్నచో, పనిచేయువారి పేరును ముందుగనే అడిగి తెలిసికొనవలెనని వేడుచు విరమించుచున్నాము.